ఒంటి చెప్పు చేను

శౌరమ్మ అని ఉండేదంట, మొగుడు పోయిన మనిషి. ఆ మొగుడు ఇన్నారెడ్డి జబ్బుపడి, వైద్యానికని ఉన్న ఒక్క జొన్నచేనూ జోజిరెడ్డికి అమ్ముకున్నాడు. ఇక ఏమైందంటే, శౌరమ్మ తన చేలోకే కూలికి పోవాల్సొచ్చింది. తన గట్టు మీదే కూచుని సద్ది తినడం, పొద్దుగూకితే పరాయిదానిలా లేచి రావడం. చేను మళ్ళీ తనదవ్వాలి, ఆవిడ దిగులంతా అదే. జోజిరెడ్డి మంచోడేలే. మీవాళ్ళెవరైనా ఒక పాడిగేదెను తోలిస్తే చేను ఇచ్చేస్తానన్నాడంట. గేదెలేమో బావగారు, అంటే ఇన్నారెడ్డి అన్న, బాలశౌరెడ్డి దగ్గరున్నాయి. ఆయన ఎట్లాంటోడంటే, వచ్చినోళ్ళకి మజ్జిగ ఇచ్చి, వాళ్ళు తాగేదాకా చెంబు మీదే కన్నేసే మనిషి అనుకో.

ఒక ఆదివారం గుడిలో పూజప్పుడు స్వాములోరు, అదే ఫాదరుగారు, బైబిల్లో లేవీయకాండం చదివారంట. భూమి నాది, మీరు నా దగ్గర ఉంటున్న పరదేశులు అన్నాడు దేవుడు. అందుకని ఎవరైనా చితికిపోయి చేను అమ్ముకుంటే దగ్గరి చుట్టం పోయి విడిపించాలి. ఇశ్రాయేలువాళ్ళ చట్టం అది, గుర్తుపెట్టుకో. పూజ అవ్వగానే శౌరమ్మ గుడి మెట్ల మీదే బావగారిని ఆపి, దగ్గరి చుట్టం మీరే కదా అంది. అది పాతకాలం మాట, మనకి కాదన్నాడు ఆయన. స్వాములోరు ఓపిగ్గా చెప్పారంట, చట్టం అప్పటోళ్ళదే, అర్థం మాత్రం మనక్కూడా ఉంది, మనం పాపానికి అమ్ముడుపోతే యేసుప్రభువు మనిషిగా పుట్టి, మనకు దగ్గరి చుట్టమై, విడిపించాడు అని. బాలశౌరెడ్డి మొహం వెలిగిపోయింది.

"చూశావా శౌరమ్మా, అంతా ప్రభువే విడిపించేశాడు. ఇంక నాకేం మిగిల్చాడు?"

"ఆయన ప్రాణమిచ్చాడు నాయనా. ఈవిడ నిన్ను గేదెనే అడుగుతోంది," అన్నారు స్వాములోరు.

"అది నిన్ననే ఈనింది స్వామీ."

అప్పుడు ఉపదేశి లాజరయ్య, అదే, గుడిలో జపాలు చెప్పించే ఆయన, అదే బైబిల్లోని రూతమ్మ కథలో మాటొకటి ఎత్తాడంట. విడిపించనన్న చుట్టం పదిమందిలో చెప్పు విప్పి ఇచ్చేవాడంట. శౌరమ్మ చెయ్యి చాపింది. గేదె ముందు చెప్పు ఎంతలే అనుకుని, కొత్త కిర్రుచెప్పుల్లో ఒకటి తీసిచ్చాడు బాలశౌరెడ్డి. ఆవిడ దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. బాటపక్కనున్న చేను గట్టున కర్ర పాతి, దానికి తగిలించింది. ఎవరిదమ్మా అంటే, మా బావగారిదయ్యా, చేను విడిపించనన్నదానికి గుర్తు, అని మెల్లగా చెప్పేది. ఆయనేమో రెండోది పారేయడానికి మనసొప్పక దాన్నే తొడుక్కుని తిరిగేవాడు. చెప్పున్న కాలు కిర్రు, ఉత్తకాలు తప్పు. కిర్రు, తప్పు. వీధి చివర ఉండగానే తెలిసిపోయేది. ఈలోగా ఆయన కొడుక్కి సంబంధం చూడ్డానికొచ్చినోళ్ళు గట్టు దగ్గర దారి అడిగారంట. ఆ చెప్పాయన ఇల్లా, అని ఎవరో చెయ్యి చూపించారు. సంగతంతా విన్నారు, బండి అట్నుంచటే వెనక్కి తిప్పుకుని పోయారు. మర్నాడు తెల్లారీ తెల్లారకముందే జోజిరెడ్డి ఇంటిముందు గేదె. దూడని మాత్రం ఉంచుకుంటానని బాలశౌరెడ్డి బేరం. దూడ లేకపోతే గేదె పాలు చేపదురా, అని నవ్వి, అదీ కట్టేసుకుని, చేను శౌరమ్మకి ఇచ్చేశాడు జోజిరెడ్డి.

శౌరమ్మ చెప్పు దులిపి తెచ్చి, వంగి బావగారి కాళ్ళ ముందు పెట్టిందంట. ఆయన తొడుక్కుని నేరుగా స్వాములోరి దగ్గరికి పోయి, నేనూ ప్రభువులాగే విడిపించినట్టేనా అన్నాడు. ప్రభువు చెప్పు కోసం రాలేదు నాయనా, అయినా కూర్చో, అన్నారంట ఆయన. నన్నడిగితే, ఎందుకు విడిపించావని జొన్నకంకి అడగలేదు, ఆ ఏడు బాగానే పండింది. శౌరమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో పూజకి పోయినోళ్ళు, గుడి బయట చెప్పులు విడిచేముందు ఆవిడ ఎక్కడుందో ఒకసారి చూసుకునేవాళ్ళంట.