తేదీ చీటీ ఖాళీగా ఉన్న మూడో సంపుటం

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూలై పదకొండో తేదీ, గురువారం ఉదయం, మన గ్రంథాలయ పత్రికా విభాగంలో సహాయకురాలిగా మన మేడమ్ విధులలో చేరారు. ఆనాటి హాజరుపట్టీ వెతికి తీసి చూశాను. పది గంటలకు రావలసిన ఉద్యోగిని తొమ్మిదీ ఇరవైకే సంతకం చేశారు. ముప్పై నాలుగు సంవత్సరాల నిరంతర సేవానంతరం, ఈ నెలాఖరున గ్రంథపాలకురాలిగా పదవీ విరమణ చేయనున్న ఆ ఉత్తమురాలిని గురించి నాలుగు మాటలు రాయమని వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. నాలుగు మాటలతో సరిపెట్టడం నా వల్ల కాదు. పైగా వాటిలో ఒక మాట పదహారేళ్లుగా నా గొంతులో అడ్డుపడి ఉంది. దాన్ని కూడా ఇక్కడే దించుకుంటాను.

కొప్పులో సదా ఒక పెన్సిలు గుచ్చుకుని ఉండడం వల్ల వారిని మనమంతా చాటుగా ‘పెన్సిలమ్మగారు’ అంటాం. చాటుగా అంటున్నామన్నది మన భ్రమ, వారికి మొదటి నుంచీ తెలుసు. నన్ను మాత్రం వారు ‘రూల్సుగారూ’ అని ముఖం మీదే పిలుస్తారు. నేను నిబంధనల మనిషిని, కాదనను. కుర్చీ అంగుళం జరిగితే నాకు అన్నం సహించదు.

పత్రికా విభాగంలో వారు గడిపిన ఏడేళ్ల కాలంలో, ఉద్యోగ ప్రకటనలను గుట్టుగా చింపుకుపోయే నిరుద్యోగులను పట్టుకుని చీవాట్లు పెట్టడం మన ఆనవాయితీగా ఉండేది. వారు ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. బల్లల మీద చిత్తుకాగితాలూ, దారం కట్టిన పెన్సిళ్లూ పెట్టించారు. చింపడం ఆగింది. పెన్సిళ్లు దారాలతో సహా మాయమయ్యేవి, అది వేరే సంగతి.

అనంతరం పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటరుకు వారు బదిలీ అయిన నాటికి నేను కూడా కొలువులో చేరాను. ఒకనాడు వాన పడుతుంటే పది పన్నెండు మంది లోపలికి వచ్చి, ఏ పుస్తకమూ ముట్టకుండా గోడవారగా నిలబడ్డారు. ఏం పని మీద వచ్చారని అడగడానికి నేను లేవబోతే వారు నన్ను ఆపారు.

“రూల్సుగారూ, అడక్కండి. అడిగితే పాపం ఏదో ఒకటి చెప్పి వానలోకి వెళ్లిపోతారు. ఊరికే ఉంటే కాసేపటికి వాళ్లే ఏదో ఒకటి అందుకుంటారు.”

ఆ రోజు నలుగురు అందుకున్నారు. వారిలో ఒక మేస్త్రీ ఇప్పటికీ మన సభ్యుడు. బస్సు తప్పిపోయిన ప్రయాణికుడైనా, ఇరుకింట్లో చోటు చాలక పరీక్షకు చదువుకోవడానికి వచ్చే అమ్మాయి అయినా, మాట్లాడే దిక్కులేక దినపత్రిక నెపంతో రోజూ వచ్చే పెద్దాయన అయినా, గ్రంథాలయం అందరికీ సమానంగా సొంతమని వారు నమ్మారు. నమ్మి ఊరుకోక, ఆ పెద్దాయన కుర్చీని ఫ్యాను కిందికి జరిపించారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

రెండు వేల ఆరులో వారు గ్రంథపాలకురాలయ్యారు. మూడేళ్లకు పైకార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది: ఐదేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకువెళ్లని పుస్తకాలను తొలగించవలెను. పుస్తకం వెనక అంటించిన తేదీ చీటీ మీద, ఇంటికి ఇచ్చినప్పుడల్లా వేసే ముద్రలు చూసి, జాబితా తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. అబ్బో, అటువంటి పని అంటే నాకు పండుగే! మూడు వారాల్లో నాలుగు వందల పన్నెండు పుస్తకాల జాబితా సిద్ధం చేశాను. వారు ఒక్కొక్కటీ చూస్తానంటే, “నేను చూశానుగా మేడమ్, మళ్లీ మీరెందుకు?” అని తొందరపెట్టి సంతకం చేయించుకున్నాను. మర్నాడే లారీ వచ్చి పుస్తకాలను కాగితం మిల్లుకు పట్టుకుపోయింది.

వాటిలో ఒక నవల మూడో సంపుటం ఉంది. దీపస్తంభం కాపలాదారు కూతురు, తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పడవ మీద వెళ్లే కథ అది. మొదటి రెండు సంపుటాలకూ ముద్రలున్నాయి. మూడోదాకా ఎవరి ఓపికా నిలవలేదు కాబోలు, దాని చీటీ ఖాళీగా ఉంది. నేను ముద్రలున్న రెండింటినీ ఉంచి, ముద్రలేని మూడోదాన్ని తీసేశాను. నవ్వకండి. నిబంధన ప్రకారం అది నిర్దుష్టం!

వారం తరువాత, ఎదుటి ఆసుపత్రిలో పనిచేసే ఆయా ఒకామె నా బల్ల దగ్గరకు వచ్చింది. రోజూ మధ్యాహ్న విరామంలో రెండు నుంచి రెండూ నలభై దాకా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చదువుకునే మనిషి. సెలవు మీద వెళ్లి అప్పుడే వచ్చింది.

“సార్, మూడోది కనబడట్లేదు. ఎవరన్నా తీసుకెళ్లారా?”

“తీసేశామమ్మా. ఎవరూ చదవట్లేదని.”

“అదేంటి సార్, నేను చదువుతున్నాగా?”

“చదివితే కార్డు మీద ఇంటికి తీసుకెళ్లాలమ్మా. అప్పుడే మాకు తెలుస్తుంది.”

“కార్డుకి ఇంటి చిరునామా కావాలని మీరేగా అన్నారు. నాకు ఆరునెలలకో గది. ఏది రాయను?” అని, “పోనీలెండి. నూట నలభయ్యో పేజీ దాకా వచ్చాను. ఆ తమ్ముడు దొరికాడో లేదో అదొక్కటీ చెప్పండి సార్, చాలు” అంది.

నేను చదవలేదు. కౌంటరులో ఉన్న అతను చదవలేదు. స్టోరుగదిలోని అటెండరు చదవలేదు. ఇంతమందిమి ఉండి ఆ పుస్తకం చివర ఏముందో చెప్పగల దిక్కు ఒక్కరు లేకపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ మాటలు విని, పెన్సిలమ్మగారు గదిలోంచి బయటికి వచ్చారు.

“తీసేసింది నేనేనమ్మా. సంతకం నాదే. ఎక్కడున్నా వెతికి తెప్పిస్తాను, వస్తూ ఉండు.”

పక్కన నేను నిలబడే ఉన్నాను. నోరు పెగల్లేదు. తరువాత, మూడు సంపుటాల్లో ఒక్కటే ఎందుకు పోయిందని పైకార్యాలయం సంజాయిషీ అడిగినప్పుడు కూడా వారు ‘పొరపాటు నాది’ అనే రాశారు. ఆ కాగితాన్ని ఫైలులో పెట్టింది నేనే. అప్పుడూ మాట్లాడలేదు. ఆ పొరపాటు వారిది కాదనీ, నాదనీ, పదహారేళ్ల తరువాత, వారి కుటుంబ సభ్యులూ మీరూ చదివే ఈ పుట మీద రాస్తున్నాను. సిగ్గుగా ఉంది. ఇప్పటికైనా రాశాను.

ఆ సంపుటం కోసం వారు ముప్పై ఏడు గ్రంథాలయాలకు స్వదస్తూరితో ఉత్తరాలు రాశారు. ఎనిమిది నెలలకు, మూతపడుతున్న ఒక బడి గ్రంథాలయం నుంచి పుస్తకం వచ్చింది. ఈలోగా ఆయా రావడం మానేసింది. వారు స్వయంగా ఆసుపత్రికి వెళ్లి వాకబు చేశారు. కాంట్రాక్టు ముగిసిందనీ, ఎక్కడికి వెళ్లిందో తెలియదనీ అక్కడివాళ్లు చెప్పారు. చిరునామా లేదని మనం కార్డు ఇవ్వలేదు, చిరునామా లేకే ఆమెను వెతకనూ లేకపోయాం. వారు నూట నలభయ్యో పేజీలో ఒక చీటీ పెట్టి, పుస్తకాన్ని తమ సొరుగులో ఉంచారు.

పఠన మందిరం మూసేముందు, బల్లల మీద పాఠకులు వదిలిన ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల ఒక చిన్న పెన్సిలు గీత గీసి, ఆ తరువాతే అరలో పెట్టించే పద్ధతి ఆనాటి నుంచే మొదలైంది. ఇంటికి తీసుకువెళ్లకపోయినా ఇక్కడ ఒకరు దీన్ని చదివారని ఆ గీత అర్థం. తొలగింపు జాబితాలు ఆపైన మూడుసార్లు వచ్చాయి. గీత ఉన్న పుస్తకం ఒక్కటీ గుమ్మం దాటలేదు.

ఈ పదహారేళ్లలో రెండు దాటాక కిటికీ పక్క బల్ల వైపు వారు ఒకసారి చూడని రోజు లేదు. నేనూ చూస్తాను, చెప్పుకోను. ఆసుపత్రి ఆయాలు కట్టే ఆకుపచ్చ చీర అంచు గుమ్మంలో కనబడితే ఇద్దరం లేస్తాం. ఎవరో అవుతారు. కూర్చుంటాం.

మొన్న బాధ్యతల అప్పగింత కోసం సొరుగులు ఖాళీ చేస్తున్నప్పుడు, కారియరు తీసుకుని వచ్చిన వారి భర్తగారు, “రిటైరైతే మీ అమ్మ ఇంటిపట్టున ఉంటుందని ఆశలు పెట్టుకోకండని పిల్లలకు ముందే చెప్పానండీ” అన్నారు. అందరం నవ్వాం. అప్పుడే ఆ పుస్తకం బయటికి వచ్చింది. నేను ఉండబట్టలేక, “ఇప్పటికైనా చివర చదవండి మేడమ్. ఆ తమ్ముడు దొరికాడో లేదో చూద్దాం” అన్నాను.

“ఛ, ఆవిడ కంటే ముందా? బావుండదు రూల్సుగారూ” అన్నారు. కొప్పులోంచి పెన్సిలు తీసి పుస్తకం మీద పెట్టి, రెండూ నా చేతిలో పెట్టారు. “ఆవిడొస్తే ఇవ్వండి. రోజూ గీతలు మాత్రం మానకండి” అన్నారు. ముందు కళ్లు తుడుచుకున్నది వారా నేనా అని భర్తగారు అడిగారు.

అప్పగింత పట్టికలో ఆ పుస్తకం ఎదుట ‘అరలో ఉన్నది’ అని గానీ, ‘ఇంటికి ఇవ్వబడినది’ అని గానీ రాయాలి. మరో గడి లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, నేను గడి దాటి అంచులో రాశాను: ‘ఒకరు చదువుతున్నారు.’

వచ్చే నెల నుంచి గది తలుపు మీద వేరొకరి పేరుంటుంది. ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఆ చెప్పుల చప్పుడు వినబడదు. తలుచుకుంటేనే గుండె బరువెక్కుతోంది మేడమ్. కిటికీ పక్క బల్ల దగ్గర రెండో కుర్చీ వేయించాను, ఎవరినీ అడగలేదు. మీరు పాఠకురాలిగా రండి. మోకాళ్లు మొరాయించకుండా, కంటిచూపు మసకబారకుండా, నిండు ఆరోగ్యంతో, మీ వారితో పిల్లలతో కళకళలాడుతూ, దీర్ఘకాలం జీవించండి. ఎంత కాలమంటే, ఒక మధ్యాహ్నం రెండు గంటలకు ఆవిడ వచ్చి, నూట నలభయ్యో పేజీ నుంచి తీరిగ్గా చదివి, పుస్తకం మూసి, ఆ తమ్ముడు దొరికాడో లేదో మనిద్దరికీ చెప్పేటంత కాలం.