పదకొండో తేదీ గడి

నా పేరు, చిరునామా ఈ వాంగ్మూలం పైన మీరు రాసుకున్నారు. వయసు డెబ్భై నాలుగు. ముప్పై ఆరేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ప్రస్తుతం ఏ పనీ లేదని రాశారు, అది కొట్టేయండి. మూడో తేదీ నుంచి పదిహేను వరకు నాకొక పని ఉండేది.

మా మనవరాలు పరిశోధనశాలలో పనిచేస్తుంది. చెత్త కాల్చే కర్మాగారం పొగకు మనిషి ఒంట్లోని హార్మోన్లను తారుమారు చేసే గుణం ఉందా అని పరీక్షిస్తోంది. గాలి పీల్చే యంత్రం మా మేడ మీద పెట్టింది. అందులోని వడపోత కాగితం రోజుకొకటి మారుస్తుంది. దానికి పట్టిన మసిని కరిగించి గాజు గిన్నెల్లోని జీవకణాల మీద వేస్తారు. మసి హార్మోనులా నటిస్తే కణాలు వెలుగుతాయి.

"నాన్నమ్మా, చుట్టుపక్కల ఎవరేం కాల్చినా టైముతో సహా రాయి" అంది.

"నీకు అక్షరాలు దిద్దించిందాన్ని, నాకు చెప్తావా?" అన్నాను.

ఒక పుస్తకంలో తేదీకో గడి గీసి అన్నీ రాశాను. టైలరు గుడ్డముక్కలు, ఉదయం 7:15. మెకానిక్కు పాత ట్యూబు, 11:05. ఎదురింటాయన సిగరెట్లు రోజుకు నాలుగు. ఇంట్లో రెండని చెబుతాడు.

పదకొండో తేదీ కాగితం మిగతావాటికి మూడింతలు వెలిగింది. మనవరాలే కావాలని యంత్రం దగ్గర ప్లాస్టిక్ కాల్చిందని కర్మాగారం మేనేజరు మీ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారు. మేడ మీద బకెట్లో సగం కాలిన ప్లాస్టిక్ అట్ట మీకు దొరికింది. పిల్లను ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. "నాన్నమ్మ పుస్తకంలో లేదంటే ఆ రోజు అక్కడ ఏదీ కాలనట్టే" అని ఆమె మీకు చెప్పింది.

నిన్న మధ్యాహ్నం మూడింటికి మీరు ఆ అట్ట బల్ల మీద పెట్టారు. ఏడో తరగతి, బి సెక్షన్. చేతిరాత నాది. అట్టా నాదే.

ఆ రోజు బీరువా సర్దాను. ప్లాస్టిక్ అట్టలున్న పాత హాజరు పట్టీలు తొమ్మిది. పిల్లల పేర్లు చెత్తబండిలో వెయ్యడానికి మనసు రాలేదు. సాయంత్రం 4:40కి బకెట్లో కాల్చాను. యంత్రానికి ఆరడుగుల దూరం. 5:10కి ఆరిపోయింది. కిందికి వచ్చి పుస్తకం తీసి, టైలరు ఆ రోజు ఏమీ కాల్చలేదని రాశాను.

ఎందుకు దాచావని అడిగారు. దాచలేదు. పొగంటే ఎదుటివాళ్ళదే అనుకున్నాను. "గురివింద గింజ సామెత పిల్లలకు ఎన్నిసార్లు చెప్పారత్తయ్యా?" అంది కోడలు. లెక్క పెట్టలేదన్నాను.

ఒకటి రాయని మనిషి మాట మిగతావాటికి ఎలా నమ్మాలంటున్నారు మేనేజరుగారు. సబబైన ప్రశ్నే. నన్ను నమ్మక్కర్లేదు. ఆ ఒక్క కాగితం తీసేసి, మిగతా పన్నెండూ ఇంకొకరి చేత పరీక్ష చేయించండి. మనవరాలిని మాత్రం వదలండి. ఆమె తప్పు ఒక్కటే, నా పుస్తకాన్ని నమ్మడం.

పుస్తకంలో పదకొండో తేదీ గడిలో ఇప్పుడు రాస్తానంటే, సాక్ష్యం దిద్దకూడదన్నారు. సరే. అందులో ఉండాల్సింది ఇక్కడ రాసుకోండి: 11వ తేదీ, సాయంత్రం 4:40 నుంచి 5:10, ప్లాస్టిక్ అట్టలు, కాల్చింది నేను.

ఇది నేనే చెప్పాను, చదివించుకోకుండా నేనే చదువుకున్నాను. రెండో పేజీలో 4:20 అని పడినదాన్ని 4:40గా దిద్ది పక్కన పొట్టి సంతకం చేశాను. ఇప్పుడు ఇందులో అబద్ధం లేదు, వదిలేసిందీ లేదు.

(సంతకం)