తోర్కిల్ గారి చెల్లెలు

వయోమింగ్ గడ్డినేల, 1889. తోర్కిల్ మాడ్సన్ పశువుల మంద తాగే పడమటి ఊట పక్కన, మట్టిపెళ్లలు పేర్చి కట్టిన గుడిసె. అందులో ఒంటరిగా కాపురముండే గుద్రున్, ఇప్పుడే గుర్రం దిగి వచ్చిన సిగ్నె మాట్లాడుకుంటున్నారు.

"ఆవు కావాలని అడగడానికి తోర్కిల్‌కి ఈ దేశపు మాట రాక, సంత మధ్యలో నాలుగు కాళ్ల మీద నిలబడి అంబా అన్నాడట!"

"నాతో అయితే తల మీద వేళ్లు పెట్టి కొమ్ములు చూపించానన్నాడే!"

"అదీ చేసే ఉంటాడులే. ఓడ దిగేనాటికి ఒక పెట్టె, ఒక తడికోటు. కొన్నది కుంటి ఆవు. ఇప్పుడు చూడు, రెండువేల పశువులు!"

"నీళ్లెవరివో గడ్డి వాళ్లదే కదా వదినా. ఆ కిటుకు పట్టాడు నీ తమ్ముడు."

"నా తమ్ముడేంటి సిగ్నె? నీ అన్న!"

"నాకు అన్నా?"

"మరి? రేపు భూముల ఆఫీసులో, నేనిక్కడే ఉంటున్నానని సాక్ష్యం చెప్పడానికి చెల్లెలొస్తుందన్నాడు. తిన్నగా అక్కడికే వస్తుందన్నాడు."

"నన్నూ అక్కడికే రమ్మన్నాడు. మా అక్కకి సిగ్గెక్కువ, కదిలించకు అన్నాడు. కాబోయే ఆడపడుచు కదా అని నేనే ఆగలేక ఇటొచ్చాను."

"కాబోయే... ఏమన్నావు?"

"నువ్వు ఆయన అక్కవి కావా?"

"అక్కనా! పట్టా చేతికి రాగానే మా పెళ్లి! మనిషికి ఒక్కసారే ఇస్తుంది సర్కారు భూమి, ఆయన వాటా అయిపోయింది. పెళ్లికాని ఆడదానికైతే విడిగా..."

"నూట అరవై ఎకరాలు. ఐదేళ్లు అక్కడే ఉండాలి. ఈలోగా పెళ్లి చేసుకుంటే పోతుంది."

"నీకెట్లా తెలుసు?"

"దక్షిణపు ఊట దగ్గర నేనూ ఐదేళ్లున్నాను గుద్రున్. మొన్న వసంతంలో పట్టా వచ్చింది. మర్నాడే ఆయన పేర రాసిచ్చేశాను."

"మరి పెళ్లి?"

"మందని అమ్మకానికి రైలెక్కించి రాగానే అన్నాడు. రెండుసార్లు ఎక్కించాడు."

"కాదు. కాదు, నువ్వేదో పొరపడ్డావు. తోర్కిల్ అట్లాంటి..."

"'మన పొయ్యి, మన గుమ్మం' అంటాడా? టోపీ మోకాలి మీద పెట్టుకుని?"

"చాలు. ఇంక చెప్పకు."

"నాకూ వినాలని లేదు."

"ఐదేళ్లు సిగ్నె! కప్పులోంచి పాములు రాలుతుంటే, చలికాలమంతా మనిషి గొంతు వినక గోడతో మాట్లాడుకుంటూ! నమ్మించి గొంతు కోశాడు."

"నీ గొంతు ఇంకా తెగలేదు. తెగింది నాది."

"రేపు సాక్ష్యం చెప్తావా?"

"ఎందుకు చెప్పాలి? నా నీళ్లు పోయాయి, నీవి మిగలాలా?"

"చెప్పకపోతే నాకు పట్టా రాదు."

"రాకపోతే పో!"

"పో అంటే ఎక్కడికి పోను? చెప్పు, నీకెవరున్నారు, నాకెవరున్నారు?"

"ఎవరూ లేరు గుద్రున్. నాకెవరూ లేరు."

"ఏడవకు. కాఫీ తాగు. చూడు, పట్టా వస్తే నేను రాసివ్వను. ఆయన ఎదుటే ఈ ఊట చుట్టూ ముళ్లకంచె వేస్తాను."

"మంద మొత్తం నాలిక వేలాడేసుకుని బయట నిలబడుతుంది."

"నిలబడనీ."

"నాకు ఉండటానికి చోటిస్తావా?"

"గుడిసె ఇరుకు. నువ్వుంటే సరిపెట్టుకుందాం."

"అయితే కంచెకి సగం గుంజలు నేను పాతుతాను. సాక్ష్యం చెప్తాను. కానీ చట్టానికి ఇద్దరు కావాలి. రెండోది ఎవరు? ఆయన కూలోళ్లయితే ఆయన పాటే పాడతారు."

"వాళ్లంతా మందతో వెళ్లారు. ఉత్తరపు ఊట నుంచి ఆగ్నెత అనే ఆవిడ వస్తుందన్నాడు."

"ఎవరావిడ?"

"ఆయన రెండో చెల్లెలట."