నీలం పిడి సూది

నా పేరు, చిరునామా ఈ స్టేషన్లో మీరు మొదటి కాగితంలో రాసుకున్నారు. వయసు నలభై ఒకటి. పద్నాలుగేళ్లు ఒక ల్యాబులో రక్తం తీసే పని చేశాను. ఎంతసేపూ జనం చేతులు చూడడమే తప్ప మొహాలు చూడడం లేదనిపించి, రెండేళ్ల కిందట ఆ పని మానేసి ఒక కాలేజీలో పీజీకి చేరాను. ఇప్పుడు ఆఖరి సెమిస్టరు. పొద్దున బౌద్ధ శాస్త్రం పాఠాలు, పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ధ్యానం, రెండు నుంచి ఐదు దాకా కింది అంతస్తు క్లినిక్కులో ఆక్యుపంక్చర్, అంటే సూదుల వైద్యం. నేను చెబుతున్నది నా ఇష్టంతో చెబుతున్నాను. ఏం చెప్పాలో నేర్పబోయినవాళ్లు ఉన్నారు. ఆ సంగతి దాని వరసలో వస్తుంది.

జరిగింది మొన్న మంగళవారం. ఆ రోజు ధ్యానం ఒంటిగంటకు ముగియలేదు. గంట కొట్టాల్సిన మాస్టారు కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నారు. ఆయనే మాకు ధ్యానం చెబుతారు, క్లినిక్కులో మా పని చూసేదీ ఆయనే. లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆయన కళ్లు తెరిచేసరికి ఒకటీ నలభై అయిదు. నేను అన్నం డబ్బా సగం తిని, మిగతాది మూత పెట్టి కిందికి పరుగెత్తాను.

క్లినిక్కులో అయిదు మంచాలు, మధ్యలో తెరలు. మామూలుగా నలుగురు విద్యార్థులం ఉంటాం. ఆ రోజు ఇద్దరు రాలేదు. నేనూ, నా తోటి విద్యార్థి ఒకాయనా మిగిలాం. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాక చదువుకోవడానికి వచ్చారు, అందరం బ్యాంకాయన అంటాం. మాస్టారు మంచాల మధ్య తిరుగుతూ చూస్తారు. ఒక్కోసారి తనే ఒక సూది అదనంగా పెడతారు. అలా పెడితే మాకు చెబుతారు, మేం ఆ పేషెంటు కాగితం మీద రాసుకుంటాం.

రెండూ నలభైకి టీచరమ్మ వచ్చారు. అరవై ఏడేళ్లావిడ. భూగోళం చెప్పి రిటైరయ్యారు. మెడ, భుజాలు పట్టేస్తున్నాయని రావడం అది ఎనిమిదోసారి. నా చెయ్యి తేలికని ప్రతిసారీ నన్నే అడుగుతారు. ఆ మాటకు నాకు గర్వంగా ఉండేది. కిటికీ పక్క మూడో మంచం మీద బోర్లా పడుకోబెట్టాను. ఆమె ఒంట్లో కండ లేదు. భుజం మీద వేలు పెడితే చర్మం, కిందనే ఎముక. అలాంటివాళ్లకు పొట్టి సూదే వాడాలనీ, అర అంగుళం దాటకూడదనీ మొదటి నెలలోనే చెప్పారు. కిందనే ఊపిరితిత్తి ఉంటుంది. పొట్టి సూదికి ఎర్ర పిడి, పొడుగు సూదికి నీలం పిడి. పొడుగువి నడుముకీ తొడలకీ. ట్రేలో రెండు రకాలూ ఉంటాయి. నేను ఎర్రవి ఎనిమిది పెట్టాను. కాగితంలో 'పెట్టినవి' అన్న గడిలో ఎనిమిది అని రాసి, కాపడం పెట్టే దీపం వీపుకు వెచ్చగా తగిలేలా తిప్పాను. రెండూ యాభై అయిదు.

మూడింటికి అయిదో మంచం మీది మనిషి వీపు కాలిపోతోందని కేకేశాడు. వెళ్లి దీపం జరిపి వచ్చాను. అప్పుడు టీచరమ్మ, "ఇంకా కొంచెం పైన లాగుతోంది అమ్మాయ్" అన్నారు. "చూస్తాను టీచరమ్మా" అన్నాను. అంతవరకు నాకు బాగా గుర్తుంది.

ఆ తర్వాతి సంగతి మీరు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ నేను ఒకటే చెప్పాను, నాలుగోసారీ అదే చెబుతాను. నాకు రెండు రకాలుగా గుర్తుంది. ఒకదాంట్లో నేను ట్రేలోంచి సూది తీసి ఆమె మెడకింద పెడుతున్నాను. ఇంకోదాంట్లో మాస్టారు తెర జరిపి వచ్చి పెడుతున్నారు, ఆయన చేతి గడియారం దీపం వెలుగులో మెరుస్తోంది. రెండూ కళ్లకు కట్టినట్టున్నాయి. వాటిలో ఒకటి నేను తర్వాత అల్లుకున్నదై ఉండాలి. ఏది అన్నది తెలియడం లేదు. రాత్రంతా ఆలోచించాను. ఆలోచించినకొద్దీ రెండూ ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నా పరిశోధన దేనిమీద అని మీరు అడిగితే, ఊపిరి మీద స్మృతి అని చెప్పాను. "ఊపిరి గురించి రెండేళ్లు చదివి ఊపిరితిత్తిలోకే దించారా" అన్నారు.  స్మృతి అంటే గుర్తుపెట్టుకోవడం, ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఎరుకతో చూడడం, రెండూనని మా పాఠంలో ఉంది. ఆ రోజు మూడింటికి నా దగ్గర ఆ రెండిట్లో ఏదీ లేదు.

మూడూ ఇరవైకి సూదులు తీశాను. ఎనిమిది ఎర్రవి వచ్చాయి. తర్వాత మెడకింద, భుజం వైపు ఇంకొకటి కనిపించింది. నీలం పిడి. దాన్ని పట్టుకుని లాగితే ఇంకా వస్తూనే ఉంది. పూర్తిగా బయటికి వచ్చాక దాని పొడుగు చూశాను. చూసి, మిగతా ఎనిమిదితోపాటు వాడిన సూదుల డబ్బాలో వేసేశాను. అప్పుడు మాస్టారు నాకు ఆరడుగుల దూరంలో ఉన్నారు. పిలవలేదు. 'తీసినవి' అన్న గడిలో ఎనిమిది అని రాశాను. తొమ్మిది తీసి ఎనిమిది రాశాను. పక్క గడిలో ఎనిమిది ఉంది కదా, రెండూ ఒకటిగా ఉండాలి కదా అని నా చెయ్యి రాసేసింది. కింద సంతకం నాదే.

"ఊపిరి బాగా ఆడుతోందా టీచరమ్మా" అని అడిగాను.

"ఆడకపోతే నీతో ఎలా మాట్లాడుతున్నానే" అని నవ్వారు.

మూడూ ముప్ఫై అయిదుకు వెళ్లిపోయారు. నేను కిటికీలోంచి చూశాను. రోడ్డు దాటి, అక్కడ ఆపి ఉన్న స్కూటరు సీటు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. ఎండకేమో అనుకున్నాను. ఆ రోజు ఎండ లేదు. తర్వాత నాలుగో మంచం దగ్గరికి వెళ్లాను.

సాయంత్రం ఆరూ యాభైకి ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మకు ఊపిరి అందట్లేదు. ఏం చేశారండీ మీరు" అంది. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాను. భుజాల మీద సూదులు పెట్టారని డాక్టర్లకు చెప్పమన్నాను. "ఎన్ని, ఎలాంటివి" అని అడిగింది. "ఎనిమిది, పొట్టివి" అన్నాను. ఆ మాట ఆమె డాక్టర్లకు ఉన్నదున్నట్టు చెప్పింది. పొట్టి సూదులైతే అంత లోతుకు పోవు కదా అని వాళ్లు ముందు గుండె పరీక్షలు చేశారట. ఛాతీ ఎక్స్‌రే తీసేసరికి గంటంబావు గడిచిపోయింది. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, అది సగానికి పైగా ముడుచుకుపోయిందట. ఆ గాలి బయటికి పోవడానికి పక్కటెముకల మధ్య గొట్టం వేశారు.

బుధవారం పదింటికి మాస్టారు నన్నూ బ్యాంకాయన్నూ తన గదికి పిలిచారు. కాలేజీ ఆఫీసు చూసే మేడం కూడా ఉన్నారు. ఆమె నా కాగితం ముందు పెట్టుకుని, "పెట్టినవి ఎనిమిది, తీసినవి ఎనిమిది. కాగితం శుభ్రంగా ఉంది. ఎవరడిగినా దీన్నే పట్టుకోండి, ఇంకో మాట మాట్లాడకండి" అన్నారు. నేర్పబోయినవాళ్లు ఉన్నారని నేను ముందు చెప్పింది ఈ సంగతే.

నేను తొమ్మిది అన్నాను. 

మాస్టారు చాలాసేపు తన చేతుల్నే చూసుకున్నారు. "నేను పెట్టానేమో. నువ్వు పెట్టావేమో. నాకు గుర్తు లేదమ్మా" అన్నారు. "ముప్ఫై ఏళ్లుగా మనసు పెట్టడం నేర్పుతున్నాను. నిన్న మూడింటికి నా చెయ్యి ఎక్కడుందో నాకే తెలియదు." ఆయన అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. ఆయన అబద్ధం చెబితే బాగుండునని మాత్రం అనిపించింది. అప్పుడు నాకు ఏదో ఒకటి తెలిసేది.

బయటికి వచ్చాక బ్యాంకాయన, "చెల్లెమ్మా, సంతకం నీది. మెడకు చుట్టుకుంటే నీకే చుట్టుకుంటుంది. ఆలోచించుకో" అన్నారు. ఇంటికెళ్తే మా ఆయన కూడా దాదాపు అదే అన్నారు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "గుర్తులేనిదాన్ని నెత్తినేసుకుని ఏం చేస్తావు? ఇంకో రెండు నెలల్లో డిగ్రీ చేతికొస్తుంది" అన్నారు.

"గుర్తున్నది కూడా ఉందండీ" అన్నాను.  ఆయన లేచి నాకు కంచం పెట్టారు.

ఈ రోజు గురువారం. పొద్దున పదకొండింటికి ఆసుపత్రికి వెళ్లాను. టీచరమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. ప్రాణానికి భయం లేదని నర్సు చెప్పింది. కూతురు పక్కనే ఉంది. మీకు ఫిర్యాదు ఇచ్చింది ఆమే. నన్ను చూసి లేచి నిలబడింది. నేను ఇద్దరికీ మొత్తం చెప్పాను. నీలం పిడి సంగతి, ఎనిమిది అని రాసిన సంగతి, ఫోన్లో పొట్టివి అన్న సంగతి.

కూతురు, "ఆ మాట ఫోన్లోనే ఎందుకు చెప్పలేదు" అంది.

"ఎనిమిది అని రాశాను కాబట్టి ఎనిమిది అన్నాను" అన్నాను. నా నోట్లోంచి వచ్చాక ఆ మాట నాకే అర్థం కాలేదు.

టీచరమ్మ మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, "ఎవరు పెట్టారో ఇద్దరికీ తెలియదంటావు" అన్నారు. తెలియదన్నాను. "నేనూ చూడలేదు. నేల మీద గళ్లు లెక్కపెడుతున్నాను" అన్నారు. నవ్వబోయి, పక్కటెముకల దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. తర్వాత కళ్లు మూసుకున్నారు. కోపం వచ్చిందో, అలసిపోయారో చెప్పలేను.

కూతురు నన్ను వరండాలోకి తీసుకొచ్చింది. "ఇదంతా స్టేషన్లో చెబుతారా" అని అడిగింది. చెబుతానన్నాను. "అయితే నేనూ వస్తాను. దారిలో మీ మనసు మారుతుందేమో" అంది. ఇద్దరం ఒకే బస్సెక్కాం. ఒకే సీటు దొరికింది. ఆమె కిటికీ వైపు జరిగి నాకు చోటిచ్చింది.  ఒంటిగంటా పదికి ఇక్కడ దిగాం. ఆమె ఇప్పుడు బయట బల్ల మీద కూర్చుని ఉంది.

నేను చెప్పింది రాసి, నాకు చదివి వినిపించారు. అందులో ఒకచోట 'తొమ్మిది సూదులు పెట్టాను' అని ఉంది. నేను ఆ మాట చెప్పలేదు. ఎనిమిది పెట్టానని చెప్పాను, తొమ్మిది తీశానని చెప్పాను. తొమ్మిదోది పెట్టింది నేను కాదని కూడా నేను చెప్పడం లేదు. 'పెట్టాను' కొట్టేసి 'తీశాను' అని దిద్దమన్నాను. దిద్దారు. దిద్దినచోట పక్కన నా పొడి అక్షరాలు వేశాను. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నాకు తెలిసినంతవరకు నిజం. తెలియనిది తెలియదనే ఉంది.

(సంతకం)
గురువారం, మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలు