సివంగికి బోర్డు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన డైరెక్టర్ గారికి, వయసులో నాకన్నా చిన్నవాడైనా ఇన్నేళ్ళూ నాకు ఎదురుచెప్పే ధైర్యం చేసిన ఒకే ఒక్క మనిషి, మన జూ డాక్టర్ గారికి, డ్యూటీ మధ్యలో చేతులు కడుక్కుని పరిగెత్తుకొచ్చిన కీపర్లందరికీ, టీ ముందే పోసేస్తే జనం లేచిపోతారని ఫ్లాస్కులు బల్లకింద దాచిపెట్టిన క్యాంటీన్ అక్కకి, ముందు వరుసలో కూర్చున్న మా అమ్మకి, ఆవిడ పక్కనే కూర్చుని "తొందరగా ముగించు" అని నేను మైకు పట్టుకోకముందే సైగ చేసిన మా ఆయనకి, అందరికీ నమస్కారం.

డైరెక్టర్ గారు ఇందాక నన్ను "ముక్కుసూటి మనిషి" అన్నారు. మర్యాదస్తులు కాబట్టి అంతటితో ఆగారు. నేను వరండాలో నడిచొస్తుంటే స్టోర్ గదిలో "సివంగి వస్తోంది, రంగు డబ్బాలు సర్దండ్రా" అని మీరు గుసగుసలాడుకోవడం నా చెవిన పడలేదనుకుంటున్నారా? (నవ్వులు.) నవ్వండి, నవ్వండి. ఆ పేరు మీరు పెట్టారని మురిసిపోకండి. అది నాకు మా అమ్మ నుంచి వచ్చింది.

నాన్న పోయాక అమ్మ మా అక్కచెల్లెళ్ళిద్దర్నీ పెట్టుకుని, ఒక ఇరుకు సందులో, మేడమీద ఒంటిగదిలో, కుట్టుమిషన్ తొక్కుతూ నెట్టుకొచ్చింది. మేం ఖాళీ చేస్తే తనవాళ్ళెవరినో దింపుకోవచ్చని ఇంటాయన పైకి నీళ్ళెక్కకుండా కింద కుళాయి బిగించేశాడు. అమ్మ చూసింది చూసింది, ఒకరోజు పొద్దున్నే మెట్లు దిగి, సందు సందంతా తలుపులు తీసుకుని చూస్తుండగా, ఆయన ఎదురుగా నిలబడి, "నువ్వు తిప్పుతావా, నన్ను తిప్పమంటావా?" అంది. అంతే. ఆయనే తిప్పాడు. అప్పట్నుంచి సందులో అందరూ "అది ఆడది కాదమ్మా, సివంగి" అనేవాళ్ళు. తిట్టో మెప్పో వాళ్ళకే తెలియాలి గానీ, నేను మాత్రం పొంగిపోయేదాన్ని. సివంగి అంటే ఆడసింహం అనుకునేదాన్ని. మీరూ అంతేగా? ఏదీ, అలా అనుకున్నవాళ్ళు చేతులెత్తండి. అయ్యో, డైరెక్టర్ గారూ, మీరు కూడానా! (నవ్వులు.)

ఇక్కడ బోర్డుల సెక్షన్లో చేరాక నా పనల్లా బోను ముందు జంతువు పేరు రాయడం. రాసే ముందు ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందో కాస్త తెలుసుకోవాలని నాకో పిచ్చి. పాత నిఘంటువులు తిరగేశాను. ఒకదాంట్లో సివంగి అంటే వేటకు మచ్చిక చేసుకునే చిరుత అనుంది. ఇంకోదాంట్లో దుమ్ములగొండి, అంటే ఎముకలు కొరికే హైనా అనుంది. నేను చూసినవాటిలో సింహం ఊసే లేదు. మూడక్షరాల మాట, ఇన్ని ఒంట్లలోకి ఎలా దూరిందండీ?

ఆ వేటచిరుత అంటే ఇప్పుడు మనం చీతా అంటున్నదే. అది మన అడవుల్లో లేకుండా పోయింది. జంతువు పోతే పేరు కూడా దాంతోపాటే పోవాలి కదా? పోలేదు. ఇల్లు పోయిన మనిషి చుట్టాలిళ్ళలో తలదాచుకున్నట్టు కొన్నాళ్ళు హైనా దగ్గరుంది, కొన్నాళ్ళు సింహం పంచన చేరింది, చివరికి అడవే వదిలేసి ఊళ్ళోకొచ్చి, గొంతు పెంచిన ఆడవాళ్ళమీద వాలింది. ఇదంతా నా ఊహే అనుకోండి, నేనేం పండితురాల్ని కాను. కానీ ఆలోచించండి, ఎవరూ కళ్ళతో చూడని ఒక మృగాన్ని, నోరున్న ప్రతి ఆడదాన్నీ ఆడిపోసుకుంటూ, మనవాళ్ళు నాలుకమీద బతికించుకుంటూ వచ్చారు. ఎవరూ కావాలని చేయలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మాట పడిపోతుంది. నాకు మాట పడిపోవడమంటే ఎంత పెద్ద సంగతో మీకు తెలుసు.

అలాంటిది పోయిన ఏడాది ఆ జంతువు పరాయి దేశం నుంచి మన గేటులోంచి లారీలో లోపలికొచ్చింది. చిరుతల బోన్లు చూసే మన నిదానం... ఆయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో... పెట్టె తలుపు ఎత్తాడు. చూస్తూ నిలబడ్డాం. ఏదీ రాదు. ఇంతలో రేకులమీద ఏదో పిట్ట కూసింది. నేను తల పైకెత్తి వెతుకుతుంటే, నిదానం నా మోచెయ్యి తట్టి పెట్టెవైపు చూపించాడు. ఆ కూత దానిది! ఆ తర్వాత బయటికొచ్చింది చూడండి, ఒక్కొక్క అడుగే, బక్కపలచటి నడుము, పొడుగు కాళ్ళు, కళ్ళ కొసల్నుంచి నోటిదాకా నల్లటి చారలు. ఎక్కడో బకెట్ చప్పుడైంది. ఒక్క గెంతులో పెట్టెలోకి దూరిపోయింది. నేను గుడికీ గోపురానికీ పెద్దగా వెళ్ళే మనిషిని కాను గానీ, ఆ పొద్దున నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

కొత్తవాళ్ళ కోసం చెప్తున్నాను, మన జూలో ఒక పద్ధతుంది. బోర్డు తగిలించే ముందు కీపరు, డాక్టరు, రాసిన మనిషి ముగ్గురూ బోను ముందు నిలబడి, జంతువుకి వినపడేలా పైకి చదవాలి. ముగ్గురిలో ఏ ఒక్కరు కాదన్నా బోర్డు దింపేయాలి. ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు పెట్టారో నాకూ తెలీదు. నేను "సివంగి" అని రాసి తీసుకెళ్ళాను. చదివాను. నిదానం తలూపాడు. డాక్టర్ గారు మాత్రం "కాదు మేడం" అన్నారు. "జనం సింహం కోసం వెతుక్కుంటారు. దీన్ని చూసి, మనవాళ్ళు బోర్డులు తారుమారు చేశారనుకుంటారు." డైరెక్టర్ గారేమో "చీతా అని రాసేయండమ్మా, చిన్నపిల్లలకి కూడా తెలుసు" అన్నారు. చీతా కూడా చక్కటి మాటే, ఒంటినిండా మచ్చలున్నది అని దాని పుట్టుక. కాదనను. కానీ దిక్కూమొక్కూ లేకుండా ఇన్నాళ్ళు తిరిగిన పేరుకి, తీరా దాని సొంత ఒళ్ళు ఎదురుపడ్డ రోజున మనమే తలుపేసేస్తే ఎలాగండీ?

నేను వేరే పేరు రాయనన్నాను. డాక్టర్ గారు ఒప్పుకోనన్నారు. అందుకే బోను ముందు బోర్డు చట్రం ఇప్పటికీ బోసిగా ఉంది. ఈ సాయంత్రం దాకే అది నా చేతిలో ఉన్న పని. రేపు నా కుర్చీలో కూర్చునేవాళ్ళు చీతా అని రాసేస్తారు, ఆ తర్వాత ఈ ఊసు ఎత్తేవాళ్ళుండరు. పదవీ విరమణ సన్మానం పేరుతో మీరంతా ఒకచోట దొరికారు కాబట్టి, నా గోడు ఇక్కడే వెళ్ళబోసుకుంటున్నాను.

పోయిన వారం అమ్మ, "ఏదే, నా పేరు పెట్టుకున్న జంతువు, చూపించు" అంది. తీసుకొచ్చాను. అది గట్టుమీద కూర్చునుంది. ఎవరో పిల్లాడు చిప్స్ పొట్లం ఫట్‌మనిపించేసరికి, లేచి అటువైపు చెట్లచాటుకి పారిపోయింది. అమ్మ తెల్లబోయింది. "ఇదా?" అంది.

నిదానం వచ్చి చెప్పాడు: "దీనికి గర్జించడం రాదమ్మా. ఎవరైనా మీదికొస్తే తిరగబడదు, పరిగెడుతుంది. సింహం కనపడితే తను కొట్టిన వేట కూడా వదిలేసి పోతుంది. పిల్లలుంటే మాత్రం నోట కరుచుకుని చోటు మార్చి చోట దాస్తుంది. మగది దగ్గరుండదు. ఒక్కతే సాకుతుంది."

అమ్మ కటకటాలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఇక వెళ్దామంటే కదల్లేదు. చివరికి నావైపు తిరిగి, "వాళ్ళకెలా తెలిసిపోయిందే?" అంది.

"ఎవరికమ్మా?"

"మన సందులోవాళ్ళకి. ఆ రోజు మెట్లు దిగుతుంటే నాకు కాళ్ళు వణికిపోయాయి. రోజూ అంతే. తలుపు చప్పుడైతే చాలు, గుండె ఝల్లుమనేది. మీ ఇద్దరికీ తెలియనివ్వలేదు. నేను భయపడుతున్నానని ఎవ్వరికీ తెలీదనే అనుకున్నాను. మరి ఇంత సరిగ్గా ఎలా పెట్టారే పేరు?"

(కళ్ళు తుడుచుకున్నారు.)

క్షమించండి. నీళ్ళొద్దు, బాగానే ఉన్నాను. సింహం కూతుర్ననుకుంటూ ఇంతకాలం తలెత్తుకు తిరిగాను. భయపడుతూ భయపడుతూనే మమ్మల్ని పెంచిన మనిషి కూతుర్నని తెలిశాక, తల ఇంకా పైకి లేస్తోంది. అమ్మా, నువ్వు మొహం తిప్పుకోకు, అందరూ నిన్నే చూడాలి.

డాక్టర్ గారూ, బోర్డు మళ్ళీ రాశాను. పేరు మార్చలేదు, కింద నాలుగు మాటలు కలిపాను. వినండి. "సివంగి. గర్జించదు, పిట్టలా పిలుస్తుంది. బెదురెక్కువ. పిల్లల్ని ఒక్కతే పెంచుతుంది." ఇప్పుడు సింహం కోసం ఎవరూ వెతుక్కోరనుకుంటాను. అయినా పద్ధతి పద్ధతే. మీరు కాదంటే దింపేస్తాను, ఈ ఒక్కసారికి నోరెత్తను.

ఏంటి, లేచారు? నేనింకా ముగించలేదు కదండీ, ఎక్కడికి? ... నిచ్చెన తేవడానికా! (చప్పట్లు.)

అయితే ఇంకేం మాట్లాడను. నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. టీ కాస్త ఆగుతుంది, ముందు బోను దగ్గరికి పదండి. అమ్మా, నా చెయ్యి పట్టుకో, నెమ్మదిగా వెళ్దాం. ఈ సారి నువ్వు చదువు, అది వింటుంది. సెలవు.