ఫిలోమెనా రేకుల లింకు

2022, తుఫానుల కాలం. పెద్దగాలి మా దీవి మీద పడి, మా వాడలో ఇళ్ల కప్పులు ఎగరేసుకుపోయి పన్నెండు రోజులైంది. రాధామెస్ కొట్టు ముందు కండీడో, నేను డామినో ముక్కలు ఆడుతున్నాం. నాలుగింటికి మా వాడ ఫిలోమెనా ఫోను పట్టుకుని వచ్చింది.

"దీవించు బాబాయ్."

మా దగ్గర చిన్నవాళ్లు నోరు తెరవగానే ముందు ఆ మాటే అనాలి.

"దేవుడు దీవిస్తాడమ్మా. ఏమిటీ కంగారు?"

"చర్చి సాయం సంఘం ఇంటి కప్పుకి రేకులిస్తుందట. ఐదింటిలోగా ఈ లింకులో పేరు రాయాలట. నిజమో దొంగదో నువ్వైతే చెప్తావని వచ్చా. నొక్కనా, వద్దా?"

వాడలో లింకుల సంగతి తెలిసినవాణ్ణి నేనేనని నేనే చెప్పి ఉన్నాను.

"తొందరపడకు. లింకంటే కర్రపెండలం లాంటిది, లోపల మంచిదో కుళ్లిందో తోక విరిచి చూడాలి. పోయినేడు నాకొకటి వచ్చింది, ఫ్రిజ్ గెలిచావని. యాభై ఎనిమిదో ఏట రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి, ఊరుకుంటానా? వేలు పెట్టి ముందునుంచి ఒకసారి చదివా, వెనకనుంచి ఒకసారి చదివా. మూడోసారికి లింకుకి చెమట పట్టింది."

"లింకుకా?" అన్నాడు కండీడో, చేతిలో ముక్క దించకుండా.

"చొక్కాతో తుడిచానయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బాబాయ్, నాలుగున్నర."

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. నేను నొక్కలేదు. వేలు ఆనించి ఊరుకున్నా. గాలానికి చేప పడితే దారం లాగుతుందే, అలా లాగింది. నేనూ లాగా. ఎక్కడో మహానగరంలో కూర్చున్న దొంగ కుర్చీతో సహా కదిలాడు. ముందు గడియారం పెట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది."

"ఫోన్లోంచే?"

"మరి కిటికీలోంచా? తలకాయ ఇరుక్కుంటే కొబ్బరినూనె రాశా. ఆ లాగుడికి సముద్రం అడుగున ఇంటర్నెట్ తీగ బిగిసి, పొరుగు దీవి ఇటు జానెడు జరిగింది. ఇప్పటికీ తెల్లారితే వాళ్ల కోళ్లు మనకి వినపడతాయి, కావాలంటే విను!"

కండీడో నవ్వాడు. ఫిలోమెనా నవ్వలేదు. ఒకసారి ఫోను చూస్తుంది, ఒకసారి కొండమీద మబ్బు చూస్తుంది.

"బాబాయ్, ఐదు కావస్తోంది, నీకు పుణ్యముంటుంది. నొక్కనా?"

"విను మరి. దొంగ ఈ బల్లమీద పడి, నా చెయ్యి ముద్దుపెట్టుకుని, 'దీవించు తాతా' అన్నాడు. అప్పట్నుంచి నా దగ్గర ఒకటే పరీక్ష. దీవెన అడిగిన లింకు మంచిది, అడగనిది దొంగది. నీది అడిగిందా?"

ఆమె పైనుంచి కిందికి చదివింది. "లేదు."

"అయితే దొంగదే. నొక్కకు."

ఆమె ఫోను జేబులో పెట్టుకుంది. అప్పటిదాకా లోపల బియ్యం తూస్తున్న రాధామెస్ చేతులు దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఎఫ్రాయిన్ బాబాయ్, శుక్రవారం నీ నంబరు నుంచి వాడంతటికీ దొంగ లింకు వచ్చింది. ఎలా వచ్చింది?"

నేను ముక్కలు కలపడం మొదలుపెట్టాను.

"అంతకుముందు నీకు వచ్చిన దాంట్లో ఏముంది?" అన్నాడు రాధామెస్. " 'దీవించు తాతా' అని ఉందా?"

"ఉంది."

"నువ్వేం చేశావు?"

"దీవెన అడిగినవాణ్ణి కాదంటామా? దేవుడు దీవిస్తాడని రాసి, నొక్కా."

"ఈ పరీక్ష సంగతి నువ్వు బస్సులో, సంతలో, మంగలి కొట్లో ఎక్కడ చెప్పలేదు గనక! దొంగ కూడా విన్నాడు."

కండీడో ముక్కలు బోర్లించాడు. రాధామెస్ తన ఫోను తీశాడు. ఫిలోమెనాకి వచ్చిన మెసేజిలో ఉన్న నంబరుకి కాదు, చర్చి గోడమీద రాసి ఉన్న నంబరుకి ఫోను చేసి అడిగాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. లింకు సంఘం వాళ్లదే.

ఫిలోమెనా గబగబా ఫోను తీసింది. ఐదూ పది. పేర్లు రాసుకోవడం ముగిసిందని ఉంది.

ఆమె, ముగ్గురు పిల్లలు జనవరి నెలాఖరు దాకా టార్పాలిన్ కింద పడుకున్నారు.