సందుల్లో మసి

మేడమీది గదిలో, బల్ల మీద జానెడు పొగబండి ఇంజను బొమ్మ. దానికి రంగు వేస్తున్న మనవరాలు, పక్కనే తాత.

"ఆపవే తల్లీ, నిగనిగలాడే ఇంజనుకి ఆ బురదనీళ్లు పూస్తావేం?"

"బురద కాదు తాతయ్యా, వాష్ అంటారు. నల్లరంగు చుక్క, గోధుమరంగు చుక్క, మిగతాదంతా థిన్నరు. పల్చగా కలిపితే రేకుల్ని బిగించిన రివిట్ల చుట్టూ, సందుల్లోకి తనే పాకుతుంది. అప్పుడు నిజంగా పరుగులు తీసిన ఇంజనులా ఉంటుంది."

"నా ఇంజను సందుల్లో మసా? రోజూ తుడిచేవాణ్ణే. బాయిలరులో మొహం చూసుకుంటూ గడ్డం గీసుకునేవాణ్ణి, బండి నడుస్తుండగానే."

"పోయినసారి మీసం దువ్వానన్నావు."

"గడ్డం అయ్యాకే కదా మీసం. కాకులు కూడా వచ్చి ముక్కులు చూసుకుని పోయేవి."

"సాయంత్రం బొమ్మల ప్రదర్శనలో కాకుల సంగతి ఎత్తకు. మా తాతయ్య నడిపిన ఇంజనని అందరికీ చెప్పేశాను. పక్కన పెద్దమనిషిలా నిలబడు, చాలు."

"నిలబడతాలేవే. మీ అమ్మమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ కూడా చేసింది."

"అయ్యో, చిక్కగా కలిపేశాను. ఒళ్లంతా నల్లగా పరుచుకుంది, సాయంత్రం ఏం చూపించను? థిన్నరు కింద ఉంది, తెస్తా. నువ్వు ముట్టుకోకు. ఊదకు కూడా."

"నాకేం పని?"

"...వచ్చేశా. తాతయ్యా, దీన్నెవరు తుడిచారు?"

"మీ అమ్మమ్మే అయ్యుంటుంది. మురికి కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు."

"అమ్మమ్మ వంటింట్లో ఉంది, ఇప్పుడే చూసొచ్చా."

"అయితే గాలి. ఇవాళ గాలి మహా శుభ్రంగా వీస్తోంది."

"ఇలా చూడు. పైపైన మసి పోయింది, సందుల్లో నిలిచిపోయింది. రివిట్టు రివిట్టుకీ సన్నగా గీత. నాకెప్పుడూ ఇంత బాగా కుదర్లేదు."

"గాలికంత పనితనం ఎక్కడిదే? నేనే తుడిచాను."

"దేంతో?"

"ఏదో బట్ట. కుర్చీ మీద ఉంటేనూ."

"అదిగో, అమ్మమ్మ కూడా వచ్చింది. అమ్మమ్మా, చూడు తాతయ్య పనితనం."

"చూస్తాగానీ, ఏమండీ, ఆ కుర్చీ మీద పెట్టిన మీ తెల్లచొక్కా ఏది? వెనక దాచారేం? ఇటు చూపించండి... నా ఇస్త్రీ అంతా బూడిదలో పోసిన పన్నీరైంది."

"తిట్టకు అమ్మమ్మా. ఇంజను డ్రైవరు చొక్కా అన్నాక మసి అంటదా?"

"డ్రైవరెవరే? ఉద్యోగం చేసినన్నాళ్లూ స్టేషన్లో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చున్న మనిషి. ఈయన చొక్కాల్లో ఒక్కటీ మసి ఎరగదు. ఇటివ్వండి, నానబెడతాను."

"తాతయ్యా?"

"నానబెట్టకే. ఇన్నాళ్లకి అంటిన మసి. ఈ ఒక్క సాయంత్రం ఉండనీ."